రాజు బొమ్మ సవరను చేతికొస్తే: యుద్ధకాలపు బంగారు నాణేన్ని పోల్చుకోవడం ఎలా?

కాసుల పేరు తెగిపోయినప్పుడో, పంపకాల్లో నగలు విడదీసినప్పుడో కొన్ని ఇళ్లలో ఒంటి కాసు ఒకటి మిగిలిపోతుంది. ఒకవైపు గడ్డం రాజు, రెండోవైపు గుర్రమెక్కి ఏదో వింత జంతువును పొడుస్తున్న వీరుడు. ‘అమ్మమ్మది, బ్రిటిషు కాలం నాటిది’ అన్నంతవరకు ఇంట్లో అందరికీ తెలుసు. ఆపైన ఎవరూ అడగరు. పెళ్లి ఖర్చో ఫీజో మీద పడినప్పుడు అది తిన్నగా నగల కొట్టుకు వెళ్లి, తూకమై, కరిగిపోతుంది.

కరిగించే ముందు ఒక్క పూట దాన్ని బల్ల మీద పెట్టుకుని చూడమని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముఖ్యంగా దాని మీద 1914 నుంచి 1918 లోపు సంవత్సరం ఏదైనా ఉంటే. అది బ్రిటన్ ఒక పౌండు బంగారు నాణెం, సావరిన్. మనవాళ్ల నోట సవరను. మొదటి ప్రపంచ యుద్ధం దాని తలరాతను ఎంత మార్చిందంటే, ఆ నాలుగైదేళ్లలో దాని ముద్రణ లండన్‌లో ఆగిపోయి, బొంబాయిలో మొదలైంది. ఈ సంగతి తెలిసినవాడు త్రాసు ముట్టకుండానే కొన్ని నకిలీలను పక్కన పడేయగలడు. అందుకే నా పద్ధతిలో తూకం మొదట రాదు. ముందు చదవడం, తర్వాతే తూచడం.

కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, ఒక వెర్నియర్ కాలిపర్, కంసాలులు కంటికి ఆనించుకునే పది రెట్ల భూతద్దం, టేబుల్ లైటు, గాజు గ్లాసుడు నీళ్లు, కుట్టుదారం. బల్ల మీద మెత్తటి తువ్వాలు పరవండి. నాణేన్ని ఎప్పుడూ అంచు పట్టుకునే ఎత్తాలి. బొమ్మ మీద బొటనవేలు ఆనించకూడదు. ఎన్ని నకిలీలు చూసినా, అసలైన నాణెం విలువ తగ్గించేది మాత్రం మన చేతులే.

ముందుగా: ఇది సవరనేనా?

రాజు తల ఎడమవైపు తిరిగి ఉండాలి. కిరీటం ఉండకూడదు, బోడి తల. ఆయన ఐదో జార్జి. చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాల్లో ఆయన పేరు, దైవకృపతో బ్రిటన్ రాజు, మతరక్షకుడు అన్న బిరుదులు, చివర్లో ‘ఇండ్: ఇంప్:’ అని ఉంటుంది. భారత చక్రవర్తి అన్నదానికి అది పొట్టి రూపం. మెడ తెగినచోట కింద అతి చిన్న అక్షరాలు రెండు, ‘బి.ఎం.’ అని, భూతద్దంలో కనబడాలి. ఆ తల చెక్కిన ఆస్ట్రేలియా శిల్పి బెర్‌ట్రమ్ మెకెన్నల్ సంతకం అది.

నాణేన్ని నిలువుగా పట్టుకుని పక్కకు తిప్పండి. రాజు తల నిటారుగా ఉన్నప్పుడు వెనకవైపు గుర్రం కూడా నిటారుగానే ఉండాలి. తలకిందులైతే అనుమానించండి. వెనకవైపు ఉన్నది సెయింట్ జార్జి, ఆయన గుర్రం కాళ్ల కింద పడి ఉన్నది డ్రాగన్. ఈ బొమ్మను 1817లో బెనెడెట్టో పిస్ట్రూచి అనే ఇటలీ శిల్పి చేశాడు. రెండు వందల ఏళ్లు దాటినా బ్రిటన్ ఇప్పటికీ దాన్నే ముద్రిస్తోంది. సంవత్సరం అంకెలకు కుడిపక్కన ఆయన ‘బి.పి.’ ఉంటుంది.

రాజుకు కిరీటమూ, ఒంటి మీద రాజవస్త్రాలూ ఉండి, వెనక పూలతీగల మధ్య ‘15 రూపాయలు, ఇండియా, 1918’ అని ఇంగ్లీషులో ఉంటే అది సవరను కాదు. కంగారు పడకండి, అది ఇంకా మంచి కబురు. దాని సంగతి కింద చెబుతాను.

రెండో పని: సంవత్సరమూ, అక్షరమూ చదవడం

ఇక్కడే నిదానించాలి. వెనకవైపు, సంవత్సరంలోని మధ్య అంకెలకు సరిగ్గా పైన, గుర్రమూ డ్రాగనూ నిలబడిన నేల గీత మీద, కంటికి ఆనీ ఆననంత చిన్న అక్షరం ఉందేమో చూడండి. లైటును పక్క నుంచి వాలుగా వేస్తే నీడ పడి బయటపడుతుంది. ఆ అక్షరం ఆ నాణెం ఏ ఊళ్లో పుట్టిందో చెబుతుంది. ‘ఎస్’ సిడ్నీ, ‘ఎం’ మెల్‌బోర్న్, ‘పి’ పెర్త్, ‘సి’ కెనడాలోని ఒట్టావా, ‘ఐ’ బొంబాయి. ఏ అక్షరమూ లేకపోతే లండన్.

ఇప్పుడు యుద్ధం ఈ అక్షరాలను ఎలా అటూ ఇటూ చేసిందో తెలియాలి.

1914 ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. అప్పటిదాకా అక్కడ మధ్యతరగతి మనిషి జేబులో సవరను ఉండడం మామూలే. యుద్ధం అనగానే జనం బ్యాంకుల ముందు బంగారం కోసం నిలబడతారని భయపడి, ప్రభుత్వం బ్యాంకుల సెలవును పొడిగించింది. 7వ తేదీ బ్యాంకులు తెరిచేసరికి కొత్త కాగితం సిద్ధంగా ఉంది. ఒక పౌండు ట్రెజరీ నోట్లు, వారం తిరిగేసరికి పది షిల్లింగులవి కూడా. ఎంత హడావిడిగా ముద్రించారంటే, నోట్ల కాగితం దొరక్క తపాలా బిళ్లల కాగితం మీద అచ్చేశారు. ఖజానా కార్యదర్శి జాన్ బ్రాడ్‌బరీ సంతకం ఉండడంతో జనం వాటిని ‘బ్రాడ్‌బరీలు’ అన్నారు. బంగారం ఇచ్చేసి నోట్లు తీసుకోవడం దేశభక్తి అని ప్రచారం సాగింది. సవరను చెల్లదని చట్టం చేయలేదు. కానీ చేతుల్లోంచి మెల్లగా మాయమైపోయింది.

ఆ బంగారం యుద్ధానికి సామాను కొనడానికి కావాలి. ఆయుధాలూ తిండిగింజలూ అమెరికా నుంచి రావాలి, అమెరికాకు బంగారం వెళ్లాలి. 1917 జనవరిలో లారెంటిక్ అనే ఓడ ఐర్లండ్ తీరం దాటుతుండగా జర్మన్ మైన్లు తగిలి మునిగిపోయింది. అందులో 3,211 బంగారు కడ్డీలున్నాయి. ఆ రోజుల్లో సముద్రం మీద బంగారం పంపడమంటే అంత గండం.

లండన్ టంకశాల లెక్కలు చూస్తే ఈ కథంతా అంకెల్లో కనబడుతుంది. 1915లో రెండు కోట్ల మూడు లక్షల సవరన్లు. 1916లో పదిహేనున్నర లక్షలు. 1917లో 10,14,714. ఆ తర్వాత మళ్లీ 1925 దాకా ఒక్కటీ లేదు.

దీని నుంచి మీకు ఉచితంగా దొరికే పరీక్ష ఇది: సంవత్సరం 1918 అయి, నేల గీత మీద అక్షరం లేకపోతే ఆ నాణెం అసలుది కాదు. 1919 నుంచి 1924 దాకా కూడా అంతే. అలాగే ‘ఎస్.ఏ.’ అక్షరాలు దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియావి. అక్కడ ముద్రణ 1923లో మొదలైంది కాబట్టి యుద్ధకాలపు తేదీ మీద అవి ఉండడం అసాధ్యం. ‘సి’ ఉండి 1915 అయితే అదీ లేదు, ఒట్టావా ఆ ఏడు సవరన్లు ముద్రించలేదు. ఐదో జార్జి నాణెం మీద ‘ఐ’ ఉంటే సంవత్సరం 1918 మాత్రమే కావాలి, వేరేదైతే నకిలీ. ఆస్ట్రేలియాలోని మూడు టంకశాలలూ ఆ అయిదేళ్లూ ఆగకుండా పనిచేశాయి. కనుక ‘ఎస్’, ‘ఎం’, ‘పి’ ఏ సంవత్సరంతో ఉన్నా అనుమానించనక్కర్లేదు. మన దగ్గర ఎక్కువగా కనబడే అవకాశం వీటికే.

1917లో అక్షరం లేని లండన్ నాణెం దొరికితే గుండె ఆగినంత పని అవుతుంది. పది లక్షలు ముద్రించినా ఎక్కువ భాగం అమెరికాకు చేరి కరిగిపోయిందని నాణేల చరిత్రకారుల మాట. మిగిలినవి చాలా కొద్ది. సరిగ్గా అందుకే దానికి నకిలీలు ఎక్కువ. 1917 పెర్త్ నాణెమో సిడ్నీ నాణెమో తీసుకుని అక్షరాన్ని గీకేస్తే లండన్ నాణెం అయిపోతుంది. అందుకని 1917లో అక్షరం కనబడకపోతే సంతోషం పక్కనబెట్టి, ఆ జాగాను భూతద్దంతో శ్రద్ధగా చూడాలి. నేల గీత అక్కడ మాత్రమే పల్చబడిందా, సన్నటి గీతలున్నాయా, చుట్టుపక్కల లేని మెరుపు అక్కడ ఉందా అన్నది తేల్చుకోవాలి. ఒట్టావా 1916 నాణెం ఇంకా అరుదు. ఆ ఏడు అక్కడ ముద్రించినవే 6,111.

బొంబాయి ‘ఐ’ గురించి కొంచెం ఎక్కువ

తెలుగువాళ్ల ఇళ్లలో సవరను ఉంటే, దాని మీద ‘ఐ’ ఉందేమో తప్పక చూడమంటాను. కారణం ఉంది.

యుద్ధకాలంలో భారతదేశం నుంచి జనపనార, గోధుమలు, తోళ్లు కుప్పలుగా వెళ్లాయి. సరుకు అమ్మిన రైతుకు, వర్తకుడికి ఇక్కడ రూపాయలు ఇవ్వాలి. రూపాయి అంటే అప్పట్లో వెండి. వెండి ధర యుద్ధంలో ఎగబాకింది, దొరకడమూ కష్టమైంది. 1917 నవంబరు 30న మొట్టమొదటి ఒక రూపాయి నోటు అచ్చవడానికి కారణం ఈ కరవే. 1918 జనవరిలో రెండున్నర రూపాయల నోటు కూడా వచ్చింది. అలాంటిది ఒకటుండేదని ఇప్పుడు చెబితే పిల్లలు నవ్వుతారు. ఆఖరికి 1918 ఏప్రిల్‌లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని వెండిని కరిగించి భారతదేశానికి పంపింది.

వెండికి తోడుగా బంగారమూ రంగంలోకి దిగింది. దిగుమతయ్యే బంగారమంతా ప్రభుత్వానికే అమ్మాలని 1917లో ఆర్డినెన్సు వచ్చింది. అలా పోగైన బంగారాన్ని జలాంతర్గాముల మధ్య నుంచి లండన్ పంపి, నాణేలుగా కొట్టించి, వెనక్కు తెప్పించుకోవడం పిచ్చిపని. అందుకని 1917 డిసెంబరులో రాజు ప్రకటనతో బొంబాయి టంకశాలలోనే లండన్ రాయల్ మింట్ శాఖను ఏర్పాటు చేశారు. అచ్చులు, యంత్రాలు రావడం ఆలస్యమైంది. ఈలోపు ఊరుకోకుండా అదే బరువుతో, అదే మచ్చుతో 15 రూపాయల బంగారు మొహర్లు కొట్టారు. అప్పుడు పౌండుకు 15 రూపాయలు మారకం గనక రెండూ ఒకదానికొకటి సరిజోడు. పైన కిరీటం రాజు గురించి చెప్పానే, అది ఈ మొహరు. అవి సుమారు 21 లక్షలు.

1918 ఆగస్టులో సవరన్ల ముద్రణ మొదలైంది. నవంబరులో యుద్ధం ముగిసింది. 1919 వసంతంలో శాఖే మూతపడింది. బొంబాయి సవరన్లు మొత్తం సుమారు 13 లక్షలు, అన్నింటి మీదా 1918. సంఖ్య చూస్తే అరుదు కాదు. కానీ బ్రిటిషు కాలంలో సవరను భారతదేశంలో పుట్టింది ఆ ఒక్కసారే. నన్నడిగితే లండన్ 1917 కోసం ఆరాటపడేవాళ్లకన్నా, చక్కటి బొంబాయి 1918 ఒకటి దొరికించుకున్నవాడే అదృష్టవంతుడు. ధర అందుబాటులో ఉంటుంది, కథ మనది.

మూడో పని: తూకం

త్రాసును చదునైన బల్ల మీద పెట్టి, ఫ్యాను ఆపేయండి. ఆపకపోతే చివరి అంకె ఆడుతూనే ఉంటుంది. కొత్త సవరను బరువు 7.988 గ్రాములు. మీ త్రాసు 7.98 లేదా 7.99 చూపాలి. చలామణిలో అరిగిన నాణెం 7.94 గ్రాముల దాకా తగ్గినా చట్టం ప్రకారం అప్పట్లో చెల్లేది. యుద్ధకాలపు నాణేలు బజార్లో చేతులు మారింది తక్కువ కాబట్టి నిండు బరువుకు దగ్గరగా ఉంటాయి. నగలో ఉండి మెడకు రాసుకుని అరిగినవి వేరే సంగతి.

బరువు తగ్గితేనే అనుమానం అనుకుంటాం గానీ, 8.02, 8.05 అని ఎక్కువ చూపినా ఆలోచించాలి. దానికి ఎప్పుడో కొక్కెం అతికించి ఉంటారు, టంకం మిగిలిపోయి ఉంటుంది. లేదా అది సవరనే కాకపోవచ్చు.

కొలత

వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, అంచు దగ్గర మందం సుమారు 1.52. కాలిపర్ దవడలను గట్టిగా నొక్కొద్దు, బంగారం మెత్తన. ఒకటే బరువు ఉన్నా తక్కువ సాంద్రత లోహమైతే నాణెం మందంగానో వెడల్పుగానో ఉండక తప్పదు. అందుకే బరువూ కొలతా రెండూ కలిపి చూడాలి, విడివిడిగా చూస్తే మోసపోతాం.

నీళ్ల పరీక్ష

ఇది ఇంట్లో చేయగలిగిన పరీక్షల్లో అన్నిటికన్నా నమ్మకమైనది. నాణేనికి ఏ హానీ లేదు.

చిన్న గ్లాసులో ముప్పావు వంతు నీళ్లు పోసి త్రాసు మీద పెట్టండి. బరువు చూపిస్తుంది. సున్నా బొత్తాం నొక్కండి. నాణేన్ని సన్నటి దారంతో ముడివేసి, చేత్తో పట్టుకుని నీళ్లలోకి దింపండి. పూర్తిగా మునగాలి, కానీ అడుగుకూ గోడకూ తగలకూడదు. తగిలిందా, నాణెం బరువంతా త్రాసు మీద పడి లెక్క చెడుతుంది. బుడగలు అంటుకుంటే నీళ్లలో ఒక చుక్క సబ్బునీళ్లు కలిపి మళ్లీ చేయండి.

త్రాసు ఇప్పుడు చూపించేది నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. అసలు సవరనైతే అది 0.45 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. మొదటి తూకాన్ని దీంతో భాగించండి: 7.98ని 0.45తో భాగిస్తే 17.7. అది 22 క్యారెట్ల బంగారు సాంద్రత. మన చిన్న త్రాసు చివరి అంకెలో ఒకటి అటూ ఇటూ అయినా 17.3 నుంచి 18.1 మధ్య వస్తుంది, అది బాగానే ఉన్నట్టు. బంగారు నీళ్లు పోసిన ఇత్తడైతే 0.45 బదులు 0.9 దాటుతుంది. వెండైతే 0.76. సీసమైతే 0.7. వీటిలో ఏదీ తప్పించుకోలేదు. బంగారానికి దగ్గరి సాంద్రత గల చౌక లోహం టంగ్‌స్టన్. దానికి ఫలితం 19 దగ్గర ఉంటుంది.

అయస్కాంతం పెట్టి చూడమని చాలామంది చెబుతారు. పెట్టండి, తప్పులేదు. అంటుకుంటే నకిలీ అని ఖాయం. అంటుకోకపోతే మాత్రం ఏమీ తేలలేదు. ఇత్తడీ అంటుకోదు, రాగీ అంటుకోదు.

ఊళ్లో తెలిసిన నగల కొట్టుంటే క్యారెట్ మీటర్‌లో పెట్టించండి. ఒక నిమిషంలో 91.6 దగ్గర బంగారం, మిగతాది రాగి అని కాగితం వస్తుంది. మీటర్ పైపొరనే చదువుతుందని గుర్తుంచుకుని, నీళ్ల పరీక్షతో కలిపి చూడాలి. గీటురాయి మీద గీయనివ్వకండి. ఆమ్లం చుక్క వేయనివ్వకండి. నగకైతే అది పరీక్ష, నాణేనికి దెబ్బ. కొట్టువాళ్లు అలవాటుగా అంచును రాయి మీద లాగేస్తారు, మీరు ముందే నోరు తెరిచి చెప్పాలి.

బంగారం నిజమే, మరి నాణెం?

తొలిసారి సవరను పట్టుకున్నవారు తప్పక తెలుసుకోవాల్సింది ఇదే. బంగారం పూర్తిగా అసలైనదై, నాణెం నకిలీది కావచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాగితం డబ్బు మీద నమ్మకం పోయిన దేశాల్లో సవరనుకు దానిలోని బంగారం కన్నా ఎక్కువ ధర పలికింది. ఆ తేడా సొమ్ము చేసుకోవడానికి ఇటలీలోనూ లెబనాన్‌లోనూ దొంగ టంకశాలలు వెలిశాయి. వాళ్లు బంగారంలో మోసం చేయలేదు. మిలన్‌లో ఇలా కొట్టిన ఒక ఘనుడు స్విట్జర్లాండ్‌కు పారిపోతే, అతన్ని అప్పగించమని అభ్యర్థన వెళ్లింది. సవరను ఇప్పుడు చలామణిలో లేదు కదా, మరి దొంగ నాణేల నేరం ఎలా అవుతుందని అక్కడి న్యాయస్థానం ఒప్పుకోలేదు. 1957లో బ్రిటన్ మళ్లీ సవరన్ల ముద్రణ మొదలుపెట్టడానికి ఈ దొంగ నాణేల బెడద ఒక కారణం. ఐదో జార్జి బొమ్మతో వచ్చిన నకిలీలు గల్ఫ్ దాకా, ఇంకా ఇవతలికీ పాకాయి. గల్ఫ్ నుంచి తెచ్చిన సవరను అయితే ఈ మెట్టును ఎట్టిపరిస్థితుల్లోనూ దాటవేయకండి.

భూతద్దంతో ఏం చూడాలి? రాజు గడ్డంలో వెంట్రుకలు పాయలుగా విడివిడిగా ఉండాలి, ముద్దగా ఉండకూడదు. అక్షరాలు నాణెం మీంచి గోడల్లా నిటారుగా లేవాలి. కరిగిన మైనంలా మొదళ్లు పల్చగా జారిపోయి ఉంటే పోత పోసినదని అర్థం. చదునుగా ఉండాల్సిన చోట సూదిమొన గుంటలు ఉంటే అదీ పోత గుర్తే. సెయింట్ జార్జి ముఖం, వేళ్లు, గుర్రం కళ్లెం తీగలు, డ్రాగన్ రెక్క మీది గీతలు పోలికకు మంచివి. నకిలీ అచ్చులు ఇక్కడ మొద్దుబారతాయి. అంచు గళ్లు చుట్టూ ఒకే లోతుతో, ఒకే దూరంతో సాగాలి. ఒకచోట గజిబిజిగా ఉంటే కారణం వెతకండి. ‘బి.ఎం.’ గానీ ‘బి.పి.’ గానీ అసలే లేకపోతే, అరుగుదల కూడా పెద్దగా లేకపోతే, ఇక వాదన అవసరం లేదు.

పోల్చి చూడడానికి నిక్కమైన నాణెం ఫోటోలు రాయల్ మింట్ మ్యూజియం వంటి సంస్థల దగ్గర ఉంటాయి. ఒక్కటి మాత్రం నిజం. నూరు వర్ణనలు చదివినా రానిది, పక్కపక్కన రెండు అసలు నాణేలు పెట్టి చూస్తే వచ్చేస్తుంది. పరిచయమున్న నాణేల సేకర్తను అడిగితే చూపిస్తారు. ఆ సరదా వాళ్లకూ ఉంటుంది.

నగలో ఉన్న నాణెమైతే

మన దగ్గర సవరన్లు పర్సుల్లో కన్నా మెడల్లో ఎక్కువ కాలం గడిపాయి. రాజు తలకు నేరుగా పైన, అంచు మీద చూడండి. కొక్కెం అతికిన చోట టంకం మరక, రంగు తేడా, ఆకురాయి గీతలు ఉంటాయి. కొన్నిటికి బెజ్జం వేసి, తర్వాత పూడ్చి ఉంటారు. ఇలాంటివాటిని సేకర్తలు బంగారం ధరకే తీసుకుంటారు. అరుదైన సంవత్సరమైనా విలువ బాగా పడిపోతుంది. ఇంకా కొక్కెం ఉంటే పీకించకండి, ఆ పని నాణేన్ని మరింత పాడుచేస్తుంది. పాత కాసుల పేరు మొత్తంగా ఉంటే, దాన్ని విడదీసి నాణేలు అమ్మడం నాకైతే ఇష్టం లేదు. ఆ నగ ఒక చరిత్ర, నాణేలు దానిలో భాగం.

పూజలో ఉంచిన నాణేనికి అక్షరాల సందుల్లో కుంకుమ పట్టి ఉంటుంది. చింతపండు, కుంకుడు రసం, విబూది, పళ్లపొడి, ఏవీ వద్దు. కంసాలి చేత మెరుగు పెట్టించడం అసలే వద్దు. ఆ తళతళ చూసిన సేకర్త మొహం తిప్పుకుంటాడు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డమీద ఆరనిస్తే చాలు. పోని కుంకుమ ఉంటే ఉండనివ్వండి.

ధర కట్టడం

సవరనులో స్వచ్ఛమైన బంగారం 7.32 గ్రాములు. ఆ రోజు 24 క్యారెట్ల గ్రాము ధరను 7.32తో గుణించండి. అది నేల. దానికన్నా తక్కువకు ఇవ్వనక్కర్లేదు. హాల్‌మార్క్ లేదని కొట్టువాళ్లు ధర తగ్గించబోతే, సవరను మచ్చే 916 అని గుర్తు చేయండి. ఇప్పుడు నగల మీద కొట్టే 916 ముద్ర కూడా ఆ నాణ్యతకే. రాళ్లు లేవు, లక్క లేదు, అతుకు లేదు. అలాంటి దానికి నగకు తీసినట్టు తరుగు తీయడం న్యాయం కాదు.

నేల మీద ఎంత అన్నది సంవత్సరం, అక్షరం, అరుగుదల చెబుతాయి. ఆస్ట్రేలియా నాణేలకు కొంచెమే. బొంబాయి 1918కి, మొహరుకు మన దేశంలో సేకర్తల గిరాకీ ఉంది. లండన్ 1917, ఒట్టావా 1916 అని మీకు అనిపిస్తే ఏ కొట్టుకూ తీసుకెళ్లకండి. పేరున్న నాణేల వేలం సంస్థకో, నాణేలను పరీక్షించి పెట్టెలో ముద్రవేసి ఇచ్చే సంస్థకో చూపించిన తర్వాతే ఏ మాటైనా.

కొనేటప్పుడైతే బిల్లు లేనిదే కొనొద్దు. పునాది తవ్వుతుంటే లంకెబిందె దొరికింది, గుట్టుగా అమ్ముతున్నాం అంటూ వచ్చేవాళ్లను మన ఊళ్లలో తరతరాలుగా చూస్తున్నాం. మొదటి నాణెం అసలుదే ఇస్తారు, మిగతా మూటంతా ఇత్తడి. ఒకవేళ నిజంగానే నేలలో దొరికినదైతే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలియజేయాలి. అలాంటి సొమ్ము కొన్నా తలనొప్పే.

దాచడం, దేశం దాటించడం

గాలి చొరని గట్టి ప్లాస్టిక్ డబ్బీలు నాణేల సేకర్తలకు అమ్మేవి దొరుకుతాయి, 22 మిల్లీమీటర్ల కొలత అడగండి. మెత్తటి పీవీసీ సంచుల్లో ఉంచితే కొన్నేళ్లకు జిగురు అంటుతుంది. పక్కన ఒక కాగితం మీద సంవత్సరం, అక్షరం, తూకం, నీళ్ల పరీక్ష ఫలితం, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో రాసి, రెండువైపులా ఫోటోలు తీసి పెట్టండి. లాకరులో నాణెం, ఇంట్లో కాగితం.

అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న మనవరాలికి గుర్తుగా ఇవ్వాలనుకునే వారికి ఒక హెచ్చరిక. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం బయటకు తీసుకుపోవడం నిషిద్ధం. 1918 సవరను నూరేళ్లు ఎప్పుడో దాటేసింది. మెడలో వేసుకున్న గొలుసుకు వేలాడుతున్నా నాణెం నాణెమే. విమానాశ్రయంలో వాదించే బదులు, ముందుగా భారత పురావస్తు సర్వే శాఖ కార్యాలయంలో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిది. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు అక్కడే కొనుక్కుంటే ఈ చిక్కు లేదు. పైగా 1837 నుంచి ముద్రించిన సవరన్లు అక్కడ ఇప్పటికీ చట్టబద్ధమైన డబ్బు కాబట్టి, అమ్మినప్పుడు వచ్చే లాభం మీద మూలధన లాభాల పన్ను పడదు. అక్కడి కొట్లలోనూ బొంబాయి ‘ఐ’ నాణేలు అప్పుడప్పుడు వస్తుంటాయి. అడిగితే వెతికి తీసి పెడతారు.